ఎనిమిది, నాలుగు వాలుగీతలు

శ్రీకాకుళంలో మా మేడ మీది రేకు
ఇప్పుడే ఎవరింటికో ఎగిరిపోయింది.
తెర మాత్రం అంటోంది:
కళింగపట్నం, రాత్రి రెండున్నర, గాలి సున్నా.

తప్పని ఎక్కడా ఎర్రబడదు ప్రోగ్రాం.
అయిదేసి అంకెల మూటలు
బుద్ధిగా విప్పుకుంటూ పోతోంది.

లోకనాథం గారికి ఫోన్ కొట్టాను.
"గాలి గిన్నెలెగిరిపోనాయి బాబూ,
ఏటి కొలిసీది?
గీతలెట్టీసినాను."

ముడి సందేశం తెరిచాను.
ఎనిమిది: ఆకాశమంతా మబ్బు.
పక్కన నాలుగు గీతలు,
జల్లు కొట్టినట్టు ఏటవాలుగా.
గీత కనిపిస్తే సున్నా అనుకోమని
పోయిన వేసవిలో రాసింది నేనే,
ఫ్యాను కింద, ఉక్కపోతలో.

ఒక్క వరుస కొట్టేసి మళ్ళీ నడిపాను.
గాలి: తెలీదు.
తెర ఒక్కసారి వణికింది,
కరెంటుకే అనుకుంటాను.