కోత గడువు

ఆనందపురం దాటాక, లేఅవుటు రాళ్ళ వెనక
ఇరవై సెంట్లు నా కౌలు.
మాఘమాసపు మంచు భీమిలి వైపు నుంచి వస్తుంది
ఉప్పువాసనతో, కాళ్ళు కడుక్కోకుండా,
నేరుగా మడిలోకి.

తెల్లారి ఆకు పైన పెద్దగా ఏమీ కనపడదు.
పసుపు మచ్చ ఒకటి, చెరిగిన బొట్టులా.
తిప్పితే
అడుగున బూడిదరంగు బూజు
పడుకుని ఉంటుంది.
మా అత్త దాలమ్మ అనేది:
"ఆకు మొకం సూసి మోసపోకే.
ఈపు సూడు."

ఆకు పొరల మధ్య దారి తవ్వే పురుగు వేరు.
దాని రాత తెల్లగా, వంకరగా,
మొదట్లో సన్నం, తిన్నకొద్దీ వెడల్పు.
గీత ఎక్కడ ఆగిందో అక్కడుంటుంది అది.
వెలుతురికి పట్టి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే
చప్పుడు కూడా చెయ్యదు.

పోయినేడు అలా నొక్కే ఓపిక లేకపోయింది.
పేనుబంక మూడురోజుల్లో మడంతా కమ్మింది,
ఆకు ముట్టుకుంటే జిగురు, కాడల నిండా చీమల బారు.
సోమవారం చీటీ కట్టాలి.
మందుల కొట్టు సూరపనాయుడు సీసా ఇచ్చి
ఎన్ని మూతలో చెప్పాడు.
ఎన్ని రోజులో చెప్పలేదు.
నేనూ అడగలేదు.
అది సీసా మీదే ఉంది, చీమ తలంత అక్షరాల్లో.
కొట్టేశాక చదివాను.

శుక్రవారం సాయంత్రం కొట్టాను.
ఆదివారం చీకట్లోనే కోశాను.

ఎంవీపీ రైతుబజారులో ఆ రోజు
అందరికన్నా ముందు నా గంప ఖాళీ.
"ఎంత నవనవలాడుతోందో!" అంది కళ్ళజోడావిడ.
ఆవిడ కొంగు పట్టుకున్న గుంట
ఒక ఆకు తుంచి, పచ్చిదే,
నోట్లో పెట్టుకుంది.
మేకపిల్లలా నములుతూ నాకేసి నవ్వింది.
ముందు పన్ను లేదు.

నేను చిల్లర లెక్కపెట్టాను.
రెండుసార్లు.

ఇప్పుడు విత్తే ముందు మట్టిని ఎండకి తిరగేస్తాను.
ఒత్తుగా చల్లను, మొక్కకీ మొక్కకీ మధ్య
గాలి నడవాలి.
నీళ్ళు పొద్దున్నే. తడి ఆకుతో
ఏ మొక్కనీ రాత్రికి పంపను.
పాత నూనెడబ్బాల రేకులకి పసుపు రంగు వేసి
ఆముదం పూసి పాతాను. దోమ, ఈగ, ఒక్కోసారి నా కొంగు
అతుక్కుంటాయి.
వేపగింజలు దంచి, రాత్రంతా నానేసి,
పాత పంచెలో వడకడతాను.
చేతులకి ఆ చేదు అన్నం తిన్నా పోదు.
బూజు పట్టినవి గోనెలో కుక్కి గట్టు దాటిస్తాను,
పెంటకుప్ప మీద వెయ్యను.
ఓ రోజు అక్షింతల పురుగులు వచ్చాయి
పిలవని పెళ్ళికి వచ్చినట్టు. పేనుబంకే వాటి భోజనం.
ఆ వారం వేపనీళ్ళు కూడా కొట్టలేదు.

గెలుస్తున్నానని కాదు.
పుష్యంలో మూడు మళ్ళు పీకేశాను.
ఆ నెల చీటీ మా తమ్ముడు కట్టాడు,
కట్టినందుకు ఇప్పటికీ అంటాడు.

బజారులో నా కట్టలు చూసి
"చిల్లులున్నాయేటి?" అంటారు.
"ఉన్నాయమ్మా" అంటాను.
అంతకన్నా వ్యాపారం నాకు రాదు.

మొన్న ఆవిడే వచ్చింది, కళ్ళజోడావిడ. ఒక్కతే.
కట్ట ఎత్తి, చిల్లు చూసి, దించేసింది.
పక్కవాడి దగ్గరికి నడిచింది.
అక్కడ ఆకు మెరుస్తోంది. అది ఏ సాయంత్రం మెరుపో
నాకు తెలుసు.
తక్కెడ వదిలి లేచాను.
రెండు కట్టలు ఆవిడ సంచిలో పెట్టాను.
"డబ్బులొద్దమ్మా."
"ఎందుకు?"
"పాపకి పన్నొచ్చిందా?"

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది.
"ఏ పాప?" అంది.

బస్సు హారన్లు, కొత్తిమీర వాడి కేక.
నా నోట్లో మాట లేదు.
ఆవిడ కట్ట వెనక్కి ఇవ్వలేదు.
ఒక ఆకు పైకి తీసి
తిప్పి, వీపు చూసింది.