అతిమధురం

సొహార్ రేవులో క్రేన్ నడిపే లౌ
నాలుగో మంచం మీద బోర్లా పడుకుని
ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.
నిమిషానికి ముప్ఫై నాలుగు.
నేనూ లెక్కపెడుతున్నాను,
జీతమిచ్చేది అందుకే.

ముక్కులో గొట్టం, గొట్టంలో గాలివాన.
వేలికి తగిలించిన ఎర్రదీపం
తొంభై అంటుంది, తొంభై ఒకటి అంటుంది,
బేరం తెగని కొట్టువాడిలా
మళ్ళీ ఎనభై ఎనిమిదికే వస్తుంది.
రెండు రకాల యాంటీబయాటిక్స్, ఒక స్టెరాయిడ్,
ఆరు గంటలకోసారి నెబ్యులైజర్.

సాయంత్రం అతని దోస్తు హాన్ వచ్చాడు,
హెల్మెట్ తియ్యకుండానే, చంకలో ఫ్లాస్కుతో.
మూత తిప్పగానే
తడిసిన బెరడు వాసన, మాడిన బెల్లం వాసన,
వాటి వెనక నాకు తెలిసిందే,
పేరు దొరకని ఇంకోటి.

సింకులో పారబోయిస్తుందనుకున్నా.
డాక్టర్ జువైనా కుర్చీ లాక్కుని కూర్చుంది.
"ఏమేం వేశావు? ఒక్కొక్కటీ చూపించు."
హాన్ జేబులోంచి పొట్లం తీసి విప్పాడు.
అతని మాటల్ని ఫోను అరబ్బీలో పలికింది,
సగం తప్పుగా.

పుల్లల్లాంటి గడ్డి: గుండెను పరిగెత్తిస్తుంది,
ఇప్పటికే నూట ఇరవై దాటింది, వద్దంది.
పచ్చటి చెక్కముక్కను దీపం కింద తిప్పి
"ఇర్ఖ్ సూస్!" అని నవ్వింది.
"రంజాన్‌కి మా అమ్మ షర్బత్ చేసేది."
హాన్ తన భాషలో ఏదో అన్నాడు.
తీపి గడ్డి, అంది ఫోను.
అప్పుడు దొరికింది నాకు పేరు.
రాయచోటిలో హరికథకు ముందు
మా మేనత్త బుగ్గన పెట్టుకునే పుల్ల,
అతిమధురం.

"ఇది ఒంట్లో పొటాషియం తోడేస్తుంది.
మన స్టెరాయిడూ అదే పని చేస్తుంది.
ఒకే ఇంటికి ఇద్దరు దొంగలెందుకు?"
దాన్నీ పక్కన పెట్టించింది.
మిగతావి ఫార్మసీకి పంపింది.
ఆక్సిజన్ ఆగదు, ఇంజెక్షన్ ఆగదు,
వాళ్ళు సరేనంటే రేపటి కషాయం చెంచాతో,
రక్తం చూశాకే.
అంతా కేస్ షీట్‌లో రాసింది.

ఐదో మంచం గంగమల్లు వైపు తిరిగాను.
మెట్‌పల్లి మనిషి, షట్టరింగ్ పని.
మూడు రోజులుగా సెలైన్‌లో పొటాషియం పోస్తున్నాం,
పోసిందంతా ఎటో పోతోంది. రెండు పాయింట్ ఏడు.
కిడ్నీలేమోనని అనుకుంటున్నాం.

"మల్లన్నా, దిండు కింద ఏముంది?"
చాలాసేపు పలకలేదు.
"ఏం లేదు సిస్టరమ్మా, గొంతుకు జర సల్లగుంటదని
రూమోళ్ళు ఇచ్చిన్రు."
హార్లిక్స్ సీసాలో సగం అయిపోయిన పొడి.
"ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నావు?"
"దగ్గొచ్చినప్పుడల్లా."
"చెప్పలేదేం?"
"మీరు అడగలె గద."

నిజమే.
మన భాష, మన మనిషి,
తెలియనిదేముంటుందని
మూడు రాత్రులు ఆ దిండు సర్ది వెళ్ళాను.

తొమ్మిదో రోజు లౌ కూర్చున్నాడు.
హాన్ ఫ్లాస్కును తట్టి బొటనవేలు చూపించాడు.
నేను గోడమీది ఆక్సిజన్ మీటరు చూపించాను.
జువైనా రెండూ చూసి, ఏమీ అనకుండా,
ఛాతీ ఎక్స్‌రే ఇంకోటి రాసింది.
గంగమల్లుకి పొటాషియం నిలబడింది.
దగ్గు మాత్రం తగ్గలేదు.
ఆ సీసా ఏదని రోజూ అడుగుతాడు.

రాత్రి ఆరో మంచానికి కొత్త మనిషి వచ్చాడు.
బలూచీ జాలరి, తలకింద గుడ్డమూట.
నాకు బలూచీ రాదు.
కుర్చీ అయితే లాక్కున్నాను.