తూర్పు గోడ

నౌపడ ఉప్పు గోదాం తూర్పు గోడకి
ఒక బీట.
మెట్లు మెట్లుగా
దర్జులు పట్టుకుని ఎక్కింది,
ఒక్క ఇటుకనీ కొరకలేదు.
"తెలివైంది," అన్నాడు సనపల తవిటయ్య మేస్త్రి,
"మెత్తనోడి మీంచే తోవ తీసింది."

నా దగ్గర టేపుంది, కాలిక్యులేటరుంది,
టెక్కలి ఆఫీసు స్టాంపు కాగితం ఉంది.
ఎత్తు పన్నెండడుగులు, మందం తొమ్మిదంగుళాలు,
భాగిస్తే పదహారు.
పుస్తకం ఒప్పుకుంటుంది.
పుస్తకంలో ఉప్పు లేదు.

అతని దగ్గర ఒక దారం, కొసన ఇత్తడి గుండు.
గాలి ఆగేదాకా ఆగి
పైనుంచి వదిలాడు.
దారానికీ గోడకీ మధ్య
పైన చిటికెనవేలు పట్టలేదు,
కింద బొటనవేలు దూరిపోయింది.

"నీ లెక్క తప్పని కాదమ్మా.
మీదనుంచి ఎంతేసినా మోసీస్తాది గోడ.
బరువుంటేనే దానికి నిలకడ.
ఆ ఏడు గాలివానకి
రేకులెగిరిపోయిన గోడలే ముందు పడ్డాయి, సూసినాను.
పక్కనుంచి తోసినోడినే ఓర్చుకోనేదు.
ఇనప్పుల్ల లేని ఒళ్లు,
ఒంగడం ఎవులు నేర్పినారు దానికి?"

లోపల ఉప్పు
ఏ పనీ లేనట్టు తెల్లగా కూర్చుంది,
వీపు గోడకి ఆనించి.

ఆ రాత్రి లాడ్జి గదిలో
కిందికి ఒక బాణం గీశాను, గోడ బరువు.
పక్కకి ఒకటి, ఉప్పు తోపు.
రెండూ కలిస్తే మూడోది పుట్టి
గోడ నడిమి మూడోవంతు దాటి
అంచు దాటి
బయట తుమ్మముళ్లలో పడింది.
రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాను.
మళ్లీ అక్కడే పడింది.

"నాలుగు ఆనుదిమ్మలు కట్టాలి,
గోడకి మూడడుగుల దూరంలో ఉప్పు ఆపాలి," అన్నాను.
సావుకారు నరసింగరావు
ఇటుకల ధర వేళ్లమీద లెక్కపెట్టి
"పైన పూసీండి, బీట కనపడదు" అన్నాడు.
తవిటయ్య తాపీ కింద పెట్టేశాడు.
సాయంత్రానికి బేరం రెండు దిమ్మల దగ్గర ఆగింది.

ఎర్రమ్మ, ఇంకో ఐదుగురు
గంపలతో ఉప్పు జరిపారు.
గడప దాటేటప్పుడు ఆమె మడమ చూశాను,
అందులోనూ బీటలే,
వాటికి ఏ కాగితం మీదా నిష్పత్తి లేదు.
తవిటయ్య అడిగితే
చెంగు ముడిలోంచి అద్దం ముక్క తీసిచ్చింది.
బీటకి అడ్డంగా పెట్టి
రెండు కొసలా సిమెంటు అద్దాడు.
"గోడ కదిల్తే ఇదే సెప్తాది.
మనకన్నా ముందు సెప్తాది."

భాద్రపదం ముసురులో మళ్లీ వెళ్లాను.
రెండు దిమ్మలూ నాచు పట్టి నిలబడ్డాయి,
వాటి పక్క గోడ దారంలా ఉంది.
మూడోది కట్టని చోట, మోకాలెత్తున,
అద్దంలోకి వంగి
ఎర్రమ్మ జుట్టు సర్దుకుంటోంది.
"పగల్లేదమ్మా, రోజూ సూస్తన్నాను," అని
పక్కకి జరిగింది.

అద్దం మీద వెంట్రుక ఒకటి.
వేలితో తుడిచాను.

పోలేదు.