పల్లెవెలుగు బండికి ఆకాశం

కందుకూరు డిపోలో ముప్పయ్యొక్కేళ్లు
పామూరు రూట్లో పల్లెవెలుగు తిప్పిన మాలకొండయ్య
సీపీయూని దుప్పట్లో చుట్టి
టీవీఎస్ మీద ముందు పెట్టుకుని మా షాపుకొచ్చాడు.
"ఖుర్షీదా, దీంట్లో విమానం నడుస్తాదంటమ్మా?"

మూత విప్పితే
రెండు బల్లిగుడ్లు, ఒక రబ్బరు బ్యాండు,
ఎప్పుడో మూసేసిన నెట్ సెంటరు దుమ్ము.
ర్యామ్ నాలుగు.
గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిన చోట
పన్నూడిన చిగురు.

జేబులోంచి చీటీ తీశాడు.
పక్కింటి ఇంజనీరింగు పిల్లోడి రాత, కొత్త సిమ్యులేటరు పేరు.
అందులో భూమి మొత్తం ఉంటుంది,
మన రాళ్లపాడు చెరువుతో సహా.
వానొస్తే రెక్క మీద చుక్కలు జారతాయి.
దాన్ని పట్టించాలంటే
ఈ డిస్కు మొత్తం తుడిచినా చోటు చాలదు.

ఎట్టా చెప్పాలో తెలీక ఆయన భాషలోకే దిగాను:
"కండిషను లేదు మామా, ఈ బండి ఘాటెక్కదు."

కోపం రాలేదు.
"ఏ బండి ఏ రూటుకో కొన్నాళ్లు నేనే రాశా డిపోలో.
దీనికి తగ్గ రూటేందో నువ్వు చెప్పు."

పాతదొకటుంది, ఇరవయ్యేళ్ల నాటిది.
ఎక్కించాను.
అదీ ఆయాసపడుతుంటే
మబ్బులు తీసేశాను.
నీడలు, చెట్లు.
సముద్రానికి అలలు.
తీసేముందు ప్రతిసారీ ఆయన మొహం చూశాను.
"తియ్యి తియ్యి. ముళ్లు మాత్రం ఉంచు,
ముల్లు అబద్ధమాడితే బండి నడపలేం."

మొదటిసారి నేనే లేపి ఇచ్చాను, రేణిగుంట నుంచి.
ఉత్తరం పట్టాడు.
నెల్లూరొచ్చింది, పెన్నంటే ఒక నీలిగీత.
కందుకూరు ఉండాల్సిన చోట
గోనెపట్టా పరిచినట్టు గోధుమరంగు,
ఊరు లేదు, రోడ్డు లేదు.
ఆయన మాత్రం వేలు పెట్టి
"ఇది పలుకూరు, అదిగో చుండి" అంటూ
ఖాళీ నేల మీద స్టాపులు చెబుతున్నాడు.

చుండి మీద వేగం తగ్గించాడు.
"మామా, పైన తగ్గించకూడదు!"
"బడి వదిలే టైమమ్మా..."
అంతలోనే ముక్కు వాలి
గోధుమరంగు తెరంతా నిండిపోయింది.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
సీపీయూలో ఫ్యాను
పిండిమరలాగా తిరుగుతోంది.

"మళ్లీ పెట్టు. ఈసారి నేనే లేపుతా."

రన్‌వే మీద నిలబెట్టాడు.
ఇంజను నడుస్తోంది, ముళ్లన్నీ సరిగానే ఉన్నాయి.
బండి కదలదు.
ఆగిపోయిందేమోనని మౌసు కదిపి చూశాను. బాణం కదిలింది.
ఆయన మెడ కొంచెం
ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉంది,
చెవి ఇటే పెట్టి.

ఎందుకో అర్థమవడానికి నాకు కొంత సమయం పట్టింది.

స్క్రూడ్రైవరు పిడితో
బల్ల మీద రెండుసార్లు కొట్టాను.

"రైట్... రైట్."