స్నాప్ అంటే

మొదటి వారం
"ఆల్ రైట్?" అని అడిగింది డెనీస్, కారిడార్‌ల ఎదురొచ్చి.
అడిగింది గదా అని చెప్పిన:
మోకాలు గుంజుతుందని,
మూడు రాత్రుల సంది నిద్ర లేదని,
నేను మూడో మాట ఎత్తుకునే లోపట్నే
ఆమె దుప్పట్ల బండి తోసుకుంట మూల తిరిగింది.

అది ప్రశ్న కాదట.
మనం "తిన్నవా?" అని అడిగి
గిన్నె మూత తీసి చూస్తమా,
గట్లనే.

ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి కొన్న.
యూనిఫాం జేబుల, థర్మామీటర్ పక్కన.
"సీ యూ లేటర్" : కలుస్త అన్నది గదా అని
షిఫ్టు దిగినంక అర్ధగంట టీ గదిల కూసున్న.
పోతున్న అని అర్థం. రాసుకున్న.
"నాట్ టూ బ్యాడ్" : బాగుంది.
శానా బాగున్నా ఇదే.
"ఐ కుడ్ మర్డర్ ఎ కప్పా" : భయపడకు,
చాయ్ అడుగుతున్నది.

పరీక్షల ఏడు బ్యాండు వచ్చింది నాకు.
హిమానీనదాలు కరిగిపోతున్నయని
గడియారం చూసుకుంట రెండొందల యాభై మాటలు రాసినదాన్ని.
మాన్స్‌ఫీల్డ్‌ల నన్ను అందరూ
బాతు అని ఎందుకు పిలుస్తున్నరో
ఏ గైడుల లేదు.

చెప్పింది పదకొండో గది విల్ఫ్ ఆస్‌క్రాఫ్ట్.
"ఏయ్ అప్, మి డక్,
బాతూ లేదు గీతూ లేదు, ఊరికే ప్రేమ."
మా దిక్కు కూరగాయలమ్మేటామె కూడా
బిడ్డా అని పిలుస్తది గదా,
అప్పుడు సమజైంది.
రికార్డుల సమ్మక్క, డ్యూటీ చార్టుల సామ్,
పదకొండో గదిల డక్.

ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయిల దిగినోడు.
గడ్డం గీస్తుంటే దవడ కింద నీలం మచ్చ,
గాయం మానింది, బొగ్గు లోపల్నే ఉండిపోయింది.
మా బాపు మోచేతి మీద అదే నీలం.
బ్లేడు ఆపి అన్న, నాది మందమర్రి అని.
"అదెక్కడ?"
"మీ బాయినే ఇంకొంచెం లోతు తవ్వితే తగిలేది."
ఇంగ్లీషుల నేను చేసిన మొదటి జోకు అది.
దగ్గు వచ్చేదాక నవ్విండు.

ఆ రోజు సంది రోజుకొక మాట.
"మార్డీ" అంటే అలిగినోడు.
అలకకు ఇంగ్లీషుల మాట లేదన్నది మా కాలేజి మేడం.
ఉన్నది మేడం, బొగ్గు కింద ఉన్నది.
"స్నాప్" అంటే బాయిలకు తీస్కపోయే తిండి.
టిఫిన్ మూత టప్పున పడే చప్పుడట.
సద్ది, అన్న నేను.
"సడ్డీ," అన్నడు, నోట్లె అటు ఇటు తిప్పి,
వేడి ఆలుగడ్డ మింగినట్టు.

జనవరిల స్ట్రోకు వచ్చింది.
కుడి చెయ్యి పోయింది. మాటలు పోయినయి.
తాళంచెవి బొమ్మ చూపిస్తే మంగళవారం అంటడు.
బూతులు మాత్రం ఒక్కటి చెదరలే.
రాత్రి డ్యూటీల మందులిచ్చినంక
నోటుబుక్కు తెరిచి
ఆయన మాటలు ఆయనకే చదువుత.
మార్డీ, అంట. కండ్లు మూసుకుంటడు.
నప్పు తెచ్చుకున్న మాటలు
తీసుకునేటోని చెయ్యి లేస్తలేదు.

నిన్న పొద్దటి పూట
స్పీచ్ థెరపీ పిల్ల వచ్చింది, కార్డుల పెట్టె పట్టుకొని.
ప్లేట్ల జున్ను శాండ్‌విచ్.
ఇదేంది విల్ఫ్, ఇది ఏంది?
పెదిమలు వంకరపోయినయి.
స... అన్నడు.
నేను గోడకు ఆనుకొని
స్నాప్, స్నాప్ అని లోపల్నే మొక్కుతున్న.
స... స...
"సడ్డీ."

ఆ పిల్ల తల వంచి ఫైలుల రాసింది:
అర్థం లేని శబ్దం.

కొట్టెయ్యి తల్లీ, అన్న.
కొట్టెయ్యి.
ఎస్, ఏ,
రెండు డీలు,
ఐ.