ఊదా కాడ

గంట్యాడ దారిలో, కంచె వేసిన ఆరెకరాల్లో
తెల్లారి ఆరున్నరకల్లా మేం పూలు విప్పుతాం.
వాటంతటవి విప్పుకోకముందే విప్పాలి.
సోయా పువ్వుకి గుట్టెక్కువ,
రేకు తెరిచేసరికే లోపల పెళ్ళైపోయుంటుంది
తనకీ తనకే.

అందుకని రేపు పూయబోయే మొగ్గ కావాలి,
బియ్యపు గింజంత.
పట్టకారుతో పచ్చటి తొడుగు తుంచి
రేకులన్నీ ఒక్క లాగుతో తీసి
చుట్టూ కాపున్న పది కేసరాల్నీ ఊడబెరికి
మధ్యలో మిగిలిన ఒంటి పోగు మీద
పక్క మడిలోని ఊదా పువ్వు పుప్పొడి అద్దాలి.
చంపావతి మీంచి గాలొస్తే
వంగిన నడుంతోనే ఆగాలి.

తల్లిది తెల్లపువ్వు. గింజ లావు, కాపు మెండు.
పల్లాకు తెగులు తగిలిందా,
వారంలో మడంతా పసుపు పూసి కూర్చోబెట్టినట్టు.
తండ్రిది ఊదా పువ్వు. అడవి చుట్టరికం.
తీగై పాకుతుంది, గింజ ఆవాలకి అన్న,
ఎండితే కాయ టప్పున పేలి ఎవరికీ దొరకదు.
కానీ తెల్లదోమ ఎంత వాలనీ
ఆకు పచ్చగానే ఉంటుంది.
ఆ ఒక్క గుణం కోసం ఈ వియ్యం.

నాకు భూతద్దం కావాలి. తవిటమ్మకి అక్కర్లేదు.
నేనొక మొగ్గ నలిపి పాడుచేసేలోగా
ఆమె నాలుగు ముగించి ఎర్రదారం ముడేస్తుంది.

నూట నలభై మొగ్గలు.
భాద్రపదం వాన మిగిల్చినవి పదకొండు కాయలు.
గింజలు పదిహేడు.
అగ్గిపెట్టెలో పోస్తే ఇంకా చోటు మిగిలింది.
ఏడాది జీతాలు, డీజిలు, ఢిల్లీకి పంపిన నివేదికలు,
అన్నీ ఆ పెట్టెలో గలగలమన్నాయి.

కలిసిందో లేదో మొలక చెబుతుంది.
కాడ ఊదా రంగైతే తండ్రి వచ్చినట్టు,
పచ్చగా లేస్తే
తల్లి మా కళ్ళుగప్పి తన పని తానే కానిచ్చుకున్నట్టు.

ఐదో రోజు ట్రే దగ్గర ఇద్దరం కూర్చున్నాం.
ఊదా ఆరు.
పచ్చ పదకొండు.
పచ్చవి పీకెయ్యమన్నాను.

"ఇయ్యి మాత్రం దాని కడుపున పుట్నేదా బాబూ?
ఏటి పాపం సేసినాయని?"
అంది. పీకుతూనే అంది.

తర్వాత, గోళ్ళ మట్టి తీసుకుంటూ,
తన ముందు ముగ్గురు పురిట్లోనే పోయారని చెప్పింది.
నాలుగోదైనా నిలవాలని
చేటెడు తవుడిచ్చి పక్కింటమ్మ దగ్గర
కొనుక్కున్నట్టు కొనుక్కున్నారట.
"ఆ పేరే ఉండిపోనాది.
మరీటికి పేరేటి?"

ఏం చెప్పను,
జీవీ గీత ఏడు గీత ఆరు అని చెప్పాను.
ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మర్నాడు సోమవారం
ఆరు కుండీల మొదట్లోనూ చిటికెడేసి తవుడు.
తవుడుకి చీమలొస్తాయి,
చీమలొస్తే పేనుబంకని మోసుకొస్తాయి,
ఇది నేను పుస్తకంలో చదివిందే.
ఊడ్చేద్దామని కుంచె తీసి
ఆరో కుండీ దాకా వెళ్ళి
రిజిస్టరు తెరిచాను.

ఆనాటి పేజీలో ఇప్పటికీ ఉంటుంది:
మొలకలు ఆరు, బతికినవి ఆరు.
వ్యాఖ్యల గడిలో,
పెన్సిలుతో, చీమలు.