లాటు లోపల

మార్చి ముప్పై ఒకటి. మిర్యాలగూడ.
రైసుమిల్లు గోదాంల ఊకదుమ్ము
నా కళ్లద్దాల మీద కూసొని నాతోపాటే లెక్క చూస్తున్నది.
పొడవుకు ఇరవై, అడ్డానికి పద్నాలుగు, ఎత్తుకు పదిహేను.
నాలుగు వేల రెండు వందల బస్తాలు.
పెన్సిలుతోని రాసిన. పెన్నుతోని దిద్దబోయిన.

"ఎక్కి చూసినవా బిడ్డా?"
హమాలీ జానయ్య, పేరు మార్చి రాస్తున్న,
బీడీ చెవి సందున చెక్కుకుంట
ఇంకెవరినో అడిగినట్టు అడిగిండు.

ఎక్కిన.
నడుమ బావి.
అంచుల పొంటి బస్తాలు గోడ కట్టినయి,
లోపల రెండు పిచ్చుకలు, ఒక చినిగిన గోనెపట్టా,
మిగిలినదంతా చీకటి.
బ్యాంకు ఆ చీకటికి కూడా అప్పిచ్చింది.

కాయితాలు ఈ మాట ముందే చెప్పినయి. నాకే ఇనరాలె.
నల్లగొండ గడియారం సెంటర్ల, మేడ మీది ఆఫీసుల
వజీరుద్దీన్ సార్ మూడేండ్ల ఆస్తి అప్పుల పట్టీలు
చాప మీద పరిచి
"ఒంటరి అంకె ఏదైనా అంటది,
ఇంకోదాన్ని తెచ్చి ఎదురుంగ కూసోబెట్టు" అన్నడు.
కూసోబెట్టిన.
అమ్మకాలు ఎగిరినయి, కరెంటు బిల్లు లేవలే.
వడ్లు ఆడించినమన్నరు, తవుడు అమ్మిన జాడ లేదు.
బస్తాలు రెండింతలైనయి,
గోనెసంచులు కొన్న పద్దు మాత్రం
పోయినేడు కాడనే కాళ్లు చాపుకొని కూసున్నది.
నేను నిష్పత్తి కట్టి, కింద రెండు గీతలు గీసి,
జవాబు వచ్చిందని సంబురపడి
పేజీ తిప్పిన.

ఆ మాపటికి ఇంటికి పోతే
వాకిట్ల సన్నబియ్యం బస్తా. ఇరవై ఐదు కిలోలు. మిల్లు ముద్ర.
"మీ సావుకారి పంపిండట" అన్నది అమ్మ,
కుట్టు విప్పనే విప్పింది.
పరీక్షల నాలుగు మార్కులకొస్తది ఆ ప్రశ్న:
ఆడిటరు స్వతంత్రత అనగానేమి, ఉదాహరణతో వ్రాయుము.
ఉదాహరణ పొయ్యి మీద గంజి పొంగుతున్నది.
పొద్దటి నుంచి చాయ తప్ప ఏం లేదు కడుపుల.
తిన్న.
చింతకాయ తొక్కుతోని, రెండోసారి పెట్టించుకొని.

తెల్లారి సార్‌కు రెండూ చెప్పిన,
బావి సంగతి, బువ్వ సంగతి.
మొదటిదానికి ఫైలు తీసిండు,
చెప్పినోళ్ల పేరు అడగలే, నేను రాయలే.
రెండోదానికి కళ్లద్దాలు తుడుచుకుంట
"ఎంత వండిండ్రు?" అన్నడు.
కిలోంబావు.
"కిలోంబావు కొని నింపు. రసీదు తే."

సార్ సంతకం పెట్టలే.
ఆ మిల్లు పోయింది. దాని ఎనుక బావమరిది మిల్లు పోయింది.
ఆఫీసు కిరాయి ఆగింది, నా స్టైపెండు ఆగింది.
కోపమొచ్చింది. సావుకారి మీద కాదు,
అబద్ధమెందుకు, సార్ మీదనే.

బస్తా ఆటోల ఏసుకొని వాపసు పోతే
మిల్లు కాటా మీద జానయ్యే తూచిండు.
నా దిక్కు చూడలే. ముల్లు దిక్కే చూసిండు.
"గుప్పెడు మోపున్నది" అని
ఆ గుప్పెడు పేపరు ముక్కల పొట్లం కట్టి
చేతుల పెట్టిండు.

బస్సుల ఒళ్లో పెట్టుకొని కూసున్న.
దీన్ని ఏ పద్దు కింద రాయాలె?
వేములపల్లి దాటింది,
ఇంక తెలుస్తలేదు.